పాత పటాలపు తుపాకి: అరుదును, విలువను నిర్ణయించు విధము

ఉపోద్ఘాతము

ప్రాణహిత గోదావరిలో కలియు ఈ సిరోంచ ప్రాంతమున పాత యిండ్లలో పాత వస్తువులకు కొదువ లేదు. రాగి బిందెలు, సనదులు, తాళపత్రములు, కత్తులు అటుకలపై నేటికిని గలవు. వానిని అతిథులకు చూపి మురియువారు, ఇంట పాత తుపాకి యున్న యెడల దానిని గూర్చి మాత్రము నోరు మెదపరు. కారణము స్పష్టము. 1980 మొదలు ఈ అడవులు చూచిన నెత్తురు మనకందఱకును తెలియును. తుపాకి యున్నదన్నచో పోలీసువారు ఏమందురో, అడవిలోనివారు ఏమందురో యను భయము మనవారిని చిరకాలము వెన్నాడినది. ఆ భయమువలన కొన్ని తుపాకులు నదిపాలైనవి, కొన్ని మట్టిపాలైనవి, కొన్ని తూకమునకు అమ్ముడుపోయినవి. వానితోపాటు మన చరిత్రలోని కొన్ని పుటలును పోయినవి.

కొన్ని సంవత్సరముల క్రిందట దసరా మఱునాడు నా పూర్వవిద్యార్థి యొకడు నన్ను తన యింటికి తోడుకొనిపోయెను. వారి పూజామందిరమున పసుపు కుంకుమలతో నున్న యొక పొడవైన తుపాకిని చూపి, "సారూ, ఇది బాబూరావు తిరుగుబాటు నాటిదని మా తాత చెప్పేటోడు. దీని మీద ఏవో అక్షరాలున్నయి. చదివి, దీని విలువ ఎంతనో చెప్పండి" అనెను. ఊరూర తిరుగు పాతసామానుల బేరగాడొకడు అంతకు ముందే దానిని చూచి కొన్ని వేలు ఇత్తునని చెప్పియుండెనట.

నేను ఆయుధవిద్యలో పండితుడను గాను. రెండు దశాబ్దములుగా మరాఠీ రాజ్యమున తెలుగు చెప్పుకొనుచున్న ఉపాధ్యాయుడను. అయినను ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా, వ్రాతప్రతిని పరిష్కరించు పద్ధతియే తుపాకికిని వర్తించునని తెలిసినది. మూలపాఠమేది, ప్రక్షిప్తమేది, ప్రతి ఎవరిచేత ఎప్పుడు వ్రాయబడినది, ఎవరింట నుండి వచ్చినది — అను ప్రశ్నలే ఇచటను అడుగవలెను. అట్లు నేర్చుకొన్న దానిని చదువరుల యెదుట నుంచుచున్నాను.

అరుదు వేరు, విలువ వేరు

పాతదైన ప్రతి వస్తువు అరుదైనదని మనవారి నమ్మకము. ఇది పొరపాటు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకినే తీసికొందము. 1857 నాటి సిపాయీలు ఏ క్రొవ్వు పూసిన తోటాలను నోట కొఱుకుటకు నిరాకరించిరో, ఆ తోటాలు ఈ తుపాకివే. ఇట్టి తుపాకులు దాదాపు 15 లక్షలు తయారైనవని లెక్క. నూటయేబది యేండ్లు దాటినను, ప్రపంచమున అవి వేలకొలది మిగిలియున్నవి. కావున వయసొక్కటే అరుదునకు ప్రమాణము కాజాలదు.

మఱియు అరుదనునది స్థిరమైన గుణము కాదు. నేపాళ రాజ్యము తన పాత ఆయుధములను కాఠ్మాండులోని యొక పాత కోటలో తరతరములుగా భద్రపఱచియుండెను. 2003లో అమెరికా వర్తకులు ఆ నిల్వను కొని, వేలకొలది తుపాకులను తమ దేశమునకు తరలించిరి. అంతవరకు సంగ్రాహకులకు అపురూపముగా దొరకుచుండిన కొన్ని జాతులు ఒక్కసారిగా అంగడికి వచ్చినవి. నేపాళముననే తయారైన గహేంద్ర తుపాకి వంటివి, అంతకుముందు బయటివారు కన్నెఱుగనివి, అప్పుడే లోకమునకు తెలిసినవి. నిన్న అరుదైనది నేడు సులభము కావచ్చును.

అందుచేత విలువను నిర్ణయింపదలచినవాడు వరుసగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏ జాతి తుపాకి? ఎంతవరకు మూలస్థితిలో నున్నది? ఎవరిచేతిదై, ఎట్లు ఇచటికి వచ్చినది? ఆ వృత్తాంతమునకు రుజువేమి? మొదటి రెంటికి తుపాకియే జవాబు చెప్పును. కడపటి రెంటికి మనుష్యులు, కాగితములు జవాబు చెప్పవలెను.

జాతిని గుర్తించు విధము

తుపాకి యనుమాట తురుష్కభాషనుండి పారసీకము ద్వారా మనకు వచ్చినది. పేరువలెనే వస్తువును దశలు దశలుగా వచ్చినది. మందుకు నిప్పు ఎట్లు అందునో దానినిబట్టి తుపాకులను నాలుగు తరములుగా విభజింపవచ్చును.

మొదటిది ఒత్తి తుపాకి. మండుచున్న ఒత్తిని మీటతో క్రిందికి దించి మందును అంటించుట దీని పద్ధతి. ఇవి చాలవఱకు దేశీయ కమ్మరుల చేతిపని. గొట్టములు పొడవైనవి, కొయ్యభాగము సన్ననిది. రెండవది చెకుముకి తుపాకి. రాయి ఉక్కును కొట్టగా పుట్టిన నిప్పురవ మందును రగిల్చును. ఈస్టిండియా కంపెనీ సిపాయీలకిచ్చిన "ఇండియా నమూనా" తుపాకి ఈ తరములోనిది. దాని గొట్టము 39 అంగుళముల పొడవు, లోపలి వెడల్పు ముప్పాతిక అంగుళము. గొట్టమును కొయ్యకు బిగించుటకు పైకట్లు లేవు, అడ్డముగా దూర్చిన చిన్న చీలలు గలవు. ఇది ముఖ్యమైన గుర్తు.

మూడవది టోపీ తుపాకి. చిన్న రాగి టోపీని సుత్తి కొట్టగా నిప్పు పుట్టును. 1853 నమూనా ఎన్‌ఫీల్డు ఇట్టిదే. దీని మొత్తము పొడవు 55 అంగుళములు. గొట్టమును మూడు ఇనుపకట్లు కొయ్యకు పట్టి యుంచును. నాలుగవ తరము వెనుకనుండి తోటా నింపునది. 1866 నాటి స్నైడరు, 1871 నాటి మార్టిని-హెన్రీ, 1888 నాటి లీ-మెట్‌ఫర్డు, 1895 నాటి లీ-ఎన్‌ఫీల్డు ఈ వరుసలోనివి. స్నైడరు కొత్త తుపాకి కాదు. పాత ఎన్‌ఫీల్డు గొట్టము వెనుకభాగమును కోసి, తలుపు అమర్చినదే మొదట స్నైడరు అనిపించుకొన్నది.

మన అడవులలో "భర్మారు" అని పిలువబడు వేటతుపాకి కూడ ముందునుండి మందు కూరునదే. కాని అది పటాలపు తుపాకి కాదు. దానిపై కర్మాగారపు ముద్రలుండవు; ఒకటి మఱియొకదానివలె నుండదు. బేరగాండ్రు ఈ రెంటిని కలగలిపి మాటలాడుదురు గనుక ఈ భేదము తెలిసియుండుట అవసరము.

నునుపు గొట్టము చెప్పు చరిత్ర

నా విద్యార్థి యింటి తుపాకికి మూడు కట్లు కలవు, సుత్తి కలదు, పొడవు సరిపోయినది. చూడగానే ఎన్‌ఫీల్డు అనుకొంటిని. ఎన్‌ఫీల్డు గొట్టము లోపల మెలిక తిరిగిన మూడు గాడులుండవలెను. ఆ గాడులవలననే గుండు తిరుగుచు దూరముగా, సూటిగా పోవును. కాని ఈ గొట్టము మూతికడ గాడి యొక్కటియు కనబడలేదు. గురి చూచుచోట వందల గజముల అంకెలతో లేచి నిలువవలసిన మెట్టు లేదు. కదలని చిన్న దిమ్మ, దానిలో ఒక నొక్కు మాత్రమే యున్నవి. గొట్టము లోపలి వెడల్పు ఎన్‌ఫీల్డుకు ఉండవలసిన 0.577 అంగుళమునకు బదులు సుమారు 0.65 అంగుళము. అరిగిపోయినదా, కల్తీదా అని సందేహించితిని.

అది అరుగుదల కాదు, ఉద్దేశపూర్వకముగా చేసిన మార్పు. 1857 తిరుగుబాటు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము దేశీయ సిపాయీల చేతికి గాడుల తుపాకి నిచ్చుటకు జంకెను. బయటికి ఎన్‌ఫీల్డువలెనే కనబడవలెను, గుండు మాత్రము దూరము పోరాదు. అందుకై 1858లో గాడులను లోపల తొలిచివేసి నునుపు చేసిరి. తొలువగా గొట్టపు గోడ పలుచనై, మూతికడ వంగుచు, ఉబ్బుచు వచ్చెను. కావున 1859లో గోడ మందమును పెంచి కొత్త నమూనా చేసిరి. పటాలమునందు తెల్లవానికి గాడుల తుపాకి, నల్లవానికి నునుపు తుపాకి — ఇది చాలకాలము సాగిన నీతి. ఇరువదవ శతాబ్దిలో కూడ ఈశాపూరు కర్మాగారమున లీ-ఎన్‌ఫీల్డులను గాడులు లేని 0.410 అంగుళపు తుపాకులుగా మార్చి పోలీసువారికిచ్చిరి.

తెలియనివాడు నునుపు గొట్టమును చూచి "చెడిపోయినది" అని తీసివేయును. తెలిసినవాడు అందులో ఒక ప్రభుత్వము యొక్క అపనమ్మకమును చదువును.

ముద్రలు, కూటముద్రలు

సుత్తి యమర్చిన ఇనుపరేకుపై సామాన్యముగా ముఖ్యముద్ర యుండును. వెనుకకాళ్లపై నిలిచి కిరీటము పట్టిన సింహము కంపెనీ చిహ్నము. అంతకు పూర్వము హృదయాకారపు ముద్ర యుండెను. కిరీటము క్రింద వి.ఆర్. అను అక్షరములు విక్టోరియా రాణివి. "టవర్" అనునది లండను ఆయుధాగారపు పేరు. ప్రక్కన సంవత్సరము వేయుదురు. బాణపుమొన గుర్తు ప్రభుత్వపు సొత్తని తెలుపును. దాని క్రింద ఐ అక్షరమున్నచో ఇండియా ప్రభుత్వపు సొత్తు. రెండు బాణములు మొనకు మొన తాకి యున్నచో ప్రభుత్వము దానిని విక్రయించినదని యర్థము. ఈ గుర్తు మనకు మిక్కిలి ఉపయోగకరము. తుపాకి ఆయుధాగారమునుండి న్యాయముగా బయటికి వచ్చినదని అది చెప్పును.

కూటముద్రలును గలవు. వాయవ్య సరిహద్దు ప్రాంతపు కమ్మరులు ఆంగ్ల తుపాకులకు నకళ్లు చేయుటలో ఘనులు. ఇటీవలి అఫ్గన్ యుద్ధకాలమున అక్కడి బజారులలో విదేశ సైనికులు వీనిని విరివిగా కొనిరి. ఆంగ్లము రాని చేయి అక్షరమును తలక్రిందు చేయును, ఎన్ అను అక్షరమును త్రిప్పి చెక్కును. విక్టోరియా రాణి 1901 జనవరిలో మరణించెను, వి.ఆర్. ముద్ర ప్రక్క 1905 అని యున్నచో సందేహింపక కల్తీయని చెప్పవచ్చును. శాసనమున రాజు కాలమునకును శకసంవత్సరమునకును పొంతన కుదరకున్న పండితులు దానిని కూటశాసనమనుట లేదా? ఇదియు నట్టిదే.

మఱియొక మోసము సూక్ష్మమైనది. 1840 ప్రాంతమున పెక్కు చెకుముకి తుపాకులను న్యాయముగానే టోపీ తుపాకులుగా మార్చిరి. చెకుముకికి వెల యెక్కువ గనుక నేటి వర్తకులు కొందఱు వానిని మరల చెకుముకులుగా మార్తురు. మొదటి మార్పు చరిత్ర, రెండవది ప్రక్షిప్తము.

తోమిన తుపాకి

నా విద్యార్థి యింట ప్రతి దసరాకు ఆయుధపూజ జరుగును. పూజకు ముందు చింతపండుతో, ఇటుకపొడితో తుపాకిని తళతళలాడునట్లు తోముట ఆచారము. తరతరముల భక్తి ఇనుపరేకుపై అక్షరములను దాదాపు తుడిచివేసినది. కొయ్యకు వార్నీషు పూసిరి. దాని క్రింద పటాలపు అంకెలు ఏవైన నుండెనేమో, ఇప్పుడు కానరావు.

పాత ఇనుముపై ఏర్పడు ముదురు గోధుమవన్నె మురికి కాదు, కాలము వేసిన ముద్ర. దానిని గీకినవాడు వెలలో పెద్దభాగమును గీకివేసినవాడగును. గరుకుకాగితము, ఆమ్లములు, రంగులు పనికిరావు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఇనుముపై పలుచగా నూనె రాచి, చెమ్మ తగులనిచోట నుంచిన చాలును.

అరిగిన అక్షరములను చదువుటకు తోమనక్కరలేదు. శాసనములకు అచ్చు తీయునట్లు, పలుచని కాగితము పఱచి మెత్తని పెన్సిలుతో రుద్దవలెను. లేదా చీకటిగదిలో దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా పట్టి చూడవలెను. మేము ఈ రెండును చేసితిమి. కిరీటము, "టవర్" అను పదపు చివరి రెండు అక్షరములు, దాని ప్రక్కన 1861 అను అంకెలు తేలినవి.

వంశకథయు, సాక్ష్యమును

1861! ఆ అంకె చూచి నా విద్యార్థి ముఖము చిన్నబోయినది. బాబూరావు షేడ్మాకే 1858లో తిరుగుబాటు జేసెను. ఆ యేడు ఏప్రిల్ 29 రాత్రి ప్రాణహిత యొడ్డున చించగుండి వద్ద తంతి మార్గపు పనివారి విడిదిపై దాడి జరుగగా, గార్ట్‌లాండ్, హాల్ అను ఇద్దఱు ఆంగ్లేయులు హతులైరి. అక్టోబరు 21న బాబూరావును చాందాలో ఉరితీసిరి. మూడేండ్ల తరువాత ముద్ర వేసిన తుపాకి ఆయన యనుచరుల చేతిదెట్లగును? ముద్రగల రేకు ఒక్కటే మార్చబడెనేమో యని వాదింపవచ్చును. కాని మందమైన నునుపు గొట్టమును 1859కి ముందుది కాదనుచున్నది. ఇద్దఱు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు నమ్మక తప్పదు.

"అయితే మా తాత అబద్ధం చెప్పిండా సారూ?" అని అతడడిగెను. ఆ ప్రశ్న నన్ను బాధించినది. ఆలోచించి చెప్పితిని. 1860లో నిజాము ప్రభువు గోదావరి యెడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కొప్పగించెను. సిరోంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో మన సిరోంచ చాందా జిల్లాలో కలిసెను. కొత్త ప్రభుత్వముతో కొత్త జవానులు, ఠాణాలు వచ్చినవి. తిరుగుబాటు జ్ఞాపకము వారికింకను పచ్చిగానే యున్న కాలమది. ఆ తుపాకి తిరుగుబాటుదారుని చేతిది కాదు; తిరుగుబాటునకు భయపడిన ప్రభుత్వము చేయించినది. తాత చెప్పిన కథలో వస్తువు మాఱినది గాని, కాలపు వాసన మాఱలేదు. వంశకథను కొట్టివేయరాదు, మ్రింగివేయను రాదు, తూచి చూడవలెను.

రుజువైన చరిత్ర విలువను ఎంత పెంచునో రెండు ఉదాహరణములు చాలును. 1799లో శ్రీరంగపట్టణము పడినపుడు టిప్పు సుల్తాను అంతఃపురమున దొరకిన ఖడ్గమును సేనవారు బెయిర్డు సేనాని కిచ్చిరి. చేతులు మాఱిన వృత్తాంతము తెగక నిలిచినందున 2023 మే నెలలో లండను వేలమున అది 1 కోటి 40 లక్షల పౌండ్లు పలికెను. ఆ ఉక్కు, ఆ బంగారము అంత వెల చేయునా?

రెండవది మన తెలుగునాటిది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 తుపాకులు గైకొనెను. గైకొన్నవాని జాబితాను ఠాణాపుస్తకమున వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. అవి పోలీసువారి సామాన్య తుపాకులే. జాతిని బట్టి చూచిన అరుదైనవి కావు. అయినను వానిలో ఒక్కటి అంకెతో సహా నేడు రుజువైనచో దానికి వెల కట్టగలవారెవరు? రుజువులేని అపురూపముకన్న రుజువుగల సామాన్యమే గొప్పది.

జాగ్రత్తలు, చట్టము

మొదటి జాగ్రత్త ప్రాణమునకు సంబంధించినది. ముందునుండి నింపు పాత తుపాకులలో నాటి మందు నేటికిని దట్టించి యుండవచ్చును. ఎండిన మందు నూఱేండ్లకైనను అంటుకొనును. సన్నని కొయ్యపుల్లను మూతినుండి మెల్లగా లోపలికి విడిచి గుర్తు పెట్టి, బయట గొట్టముపై కొలిచి చూచిన, అడుగువఱకు ఖాళీయో కాదో తెలియును. మూతికెదురుగా ముఖము పెట్టరాదు. ఖాళీ కాకున్నచో తాకరాదు, నిప్పును చేరనీయరాదు, తెలిసిన అధికారులనే పిలువవలెను.

రెండవది చట్టము. 1959 ఆయుధచట్టములోని 45వ విభాగము పాత నమూనాదైన, పురాతన విలువగల, లేదా చెడిపోయిన ఆయుధమునకు మినహాయింపు నిచ్చుచున్నది; కాని అది మరమ్మతు చేసినను చేయకున్నను కాల్చుటకు పనికిరానిదై యుండవలెను. పనికివచ్చునో రాదో తేల్చునది మనము కాము. అనుమతిపత్రము లేని తుపాకి యింట నున్నచో దానిని దాచుటకంటె వ్రాతమూలకముగా పోలీసువారికి తెలుపుట క్షేమము. మన జిల్లాలో భర్మారు తుపాకులను తమంతట తామే అప్పగించిన గ్రామములు కలవు. 0.303 లీ-ఎన్‌ఫీల్డు సామాన్య పౌరునకు నిషిద్ధమైన కొలత గనుక దాని విషయమున మఱింత జాగరూకత వలయును.

1972 పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు నిండిన ఇట్టి వస్తువు పురావస్తువు. దానిని ప్రైవేటువారు విదేశములకు పంపుట నేరము, దానితో వర్తకము చేయుటకు అనుమతిపత్రము వలయును. పొలము దున్నగా మట్టిలో దొరకినచో 1878 నిధిచట్టమును బట్టి కలెక్టరుకు తెలుపవలెను. ఊరూర తిరుగు బేరగాడు ఈ చట్టములలో దేనిని మనకు చెప్పడు.

ముగింపు

నా విద్యార్థి కుటుంబము ఆ తుపాకిని బేరగాని కమ్మలేదు. దాని కొలతలు, ముద్రల అచ్చులు, తాత చెప్పిన కథ, ఆ కథ ఎంతవఱకు నిలుచునో తెలుపు నా అభిప్రాయము — ఈ నాల్గింటిని ఒక కాగితముపై వ్రాసి, ప్రదర్శనశాలకు పరిశీలింపబడవలెనని కోరుచు, ఆయుధమును అధికారుల కప్పగించి రసీదు పుచ్చుకొనిరి. ఆ కాగితపు నకలు ఇపుడు వారి పూజామందిరమున నున్నది. ప్రతి దసరాకు దానికే కుంకుమ పెట్టుదురు. కాగితమును ఎవరును చింతపండుతో తోమరు గదా!

నాగపూరు సెంట్రల్ మ్యూజియమునందును, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమునందును పాత ఆయుధములు ప్రదర్శింపబడినవి. పిల్లలను తీసికొనిపోయి చూపుడు. గాడులను, ముద్రలను చదువుట నేర్పుడు. వెల యెంత యని అడుగుటకు ముందు, ఇది ఏమి చెప్పుచున్నదని అడుగుట నేర్పుడు.

మన భాష ఈ సరిహద్దున నిలిచియున్నది గాని, మన చరిత్ర ఇంకను చాలవఱకు ముదుసలుల నోటనే యున్నది. తుపాకులు పోయినను, వానిని గూర్చిన మాటలు పోకముందే ప్రతి యింటివారును వ్రాసి యుంచవలెనని, అట్టి వ్రాతలను మన సంఘము ఒకచోట చేర్చి భద్రపఱచవలెనని నా ప్రార్థన. ఈ వ్యాసమున లోపములున్నచో విజ్ఞులు సవరించి నన్ను కృతార్థుని జేయుదురుగాక.